రాశి మీద ముద్ర

కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి రెండు మూడు క్షణాల్లో ఎఫ్2 మీటో డిలీట్ మీటో నొక్కితే, విండోస్ ఇంకా లేవకముందే ఒక తెర వస్తుంది. ఈ యంత్రం ఏ డిస్కు నుంచి లేవాలి, తగిలించిన పెన్‌డ్రైవ్‌ను నమ్మాలా వద్దా, తారీఖు ఎంత అన్నవన్నీ అక్కడే రాసి ఉంటాయి. పాత అలవాటుకొద్దీ దాన్ని బయోస్ అంటున్నాం. ఇప్పటి యంత్రాల్లో ఉండేది యూఈఎఫ్‌ఐ. రెండిటికీ కలిపి ఫర్మ్‌వేర్ అన్న పేరు సరిపోతుంది. ఆ తెరకు పాస్‌వర్డ్ పెట్టుకునే వీలు దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కు అది పెట్టాలా, అక్కర్లేదా? చూడటానికి నిన్నమొన్నటి ప్రశ్న. కానీ పత్తీ మిర్చీ పండే గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో ఇలాంటి ప్రశ్నే రెండు వందల ఏళ్ల పాటు కలెక్టర్లనూ జమీందార్లనూ రైతులనూ కుదురుగా కూర్చోనివ్వలేదు. అందరికంటే అడుగున కూర్చుని మొదటి అక్షరం రాసేవాడి మీద పైవాడికి అదుపెలా వస్తుంది? ఈ నేల దానికి వెతుక్కున్న జవాబులను దగ్గరగా చూస్తే కంప్యూటర్ ప్రశ్నకూ జవాబు దొరుకుతుందని నా వాదన. ఆ పాస్‌వర్డ్‌ను తాళం అనుకుని పెట్టినవాడు మోసపోతాడు. ముద్ర అనుకుని పెట్టినవాడికి అది బాగా పనికొస్తుంది.

ముద్ర అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. శిస్తు రూపాయల్లో కాక ధాన్యంలో కట్టే రోజుల్లో కల్లంలో నూర్చి తూర్పారపట్టిన గింజలను రాశి పోసేవారు. సర్కారు వాటా ఎంతో, రైతు వాటా ఎంతో కొలిచి పంచేదాకా ఆ రాశి ఎవరిదీ కాదు. అధికారి వచ్చి కొలిపించడానికి రోజులు పట్టేది. ఈలోగా రాశి ఆకాశం కింద, నాలుగువైపులా తెరిచిన కల్లంలో ఉంటుంది. దానికి తలుపు లేదు, గోడ లేదు, తాళం వేయడానికి చోటే లేదు. అందుకని రాశి మీద అక్కడక్కడా తడిమట్టి ముద్దలో బూడిదో పెట్టి, అక్షరాలు చెక్కిన కొయ్యముద్రతో అద్దేవారు. పిడికెడు గింజలు లాగినా రాశి జారుతుంది. రాశి జారితే ముద్ర చెదురుతుంది. చెదిరిన అక్షరాన్ని తిరిగి అద్దాలంటే ఆ కొయ్య కావాలి, అదేమో ఊళ్లో అందరి చేతిలోనూ ఉండదు. ముద్రకు దొంగను ఆపే శక్తి ఏమాత్రం లేదు. గాలివాన వచ్చినా అది పోతుంది. అయినా తరాల తరబడి సర్కార్లు దాన్ని నమ్ముకున్నాయి. తెల్లారి వచ్చి చూసినవాడికి రాత్రి ఏదో జరిగిందని అది చెప్పగలదు, దానికున్న విలువంతా అదే.

తాళాలు మనకు తెలియవని కాదు. గడియ, అడ్డగడియ, గొళ్ళెం, బీగం అని మాటలకు కొదవలేదు. పైగా తెలుగువాడు తాళాన్ని కప్పను చేశాడు, దాన్ని తెరిచేదానికి చెవి అని పేరు పెట్టాడు. కప్ప నోరు మూసుకుని కూర్చుంటుంది, సరైన చెవి పడితేనే తెరుస్తుంది. కానీ ఆ కప్ప కాపలా కాసింది భోషాణంలో పట్టే సొత్తుకే, అంటే నగలకూ పత్రాలకూ పట్టుబట్టలకూ. ఈ మైదానాల అసలు సంపద ఎప్పుడూ భోషాణంలో పట్టలేదు. జొన్న పాతరలో ఉండేది: నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, గింజ నింపి, పైన మట్టి కప్పేవారు. మిర్చి ఈనాటికీ కల్లంలో ఎర్రటి దుప్పటిలా పరిచి ఉంటుంది. ఎండినన్నాళ్లూ రాత్రిపూట ఇంటిమనిషి ఒకరు పక్కనే పట్టా కప్పుకుని పడుకుంటారు. పత్తి తీసి ఇంట్లో పోస్తే మనుషులే వసారాలోకి జరగాల్సి వస్తుంది. గుంటూరు యార్డుకు చేరిన మిర్చి టిక్కీలకూ తాళం ఉండదు. గోనెకు పురికొస కుట్టు, దాని మీద సిరాతో రాసిన గుర్తు, అంతే. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు తాళంచెవి రైతు దగ్గర ఉండదు, అతని దగ్గర ఉండేది బాండు కాగితం. ఇంత సొత్తు చేతులు మారే చోట తాళం కంటే గుర్తూ, కుట్టూ, కాగితమూ ఎక్కువ పని చేశాయి.

పొలానికి సంబంధించిన కాగితం మొదట పుట్టేది ఊరి లెక్కలు రాసే కరణం ఇంట్లో. ఇక్కడే అసలు కథ ఉంది. 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. ఉత్తర సర్కార్లలో కంపెనీకి చివరగా దక్కింది ఇదే. సర్కారు దక్కింది గానీ, ఏ ఊళ్లో ఎంత భూమి ఉంది, ఎవరు ఏం దున్నుతున్నారు, ఎంత పండింది అన్నది కంపెనీకి తెలియదు. తెలిసినవాడు కరణం. కవిలె అనే అతని లెక్కల కట్టల్లో ఊరి పుట్టుక దగ్గర్నుంచి మడిచెక్కల సరిహద్దుల దాకా ఉండేవి. కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ తన మనుషుల్ని పంపి ఊరూరా కైఫీయత్తులు, అంటే ఊరి వృత్తాంతాలు, రాయించాడంటే, ఆ సమాచారంలో ఎంతో భాగం ఈ కవిలెల నుంచి ఎత్తి రాసినదే. మనం ఈనాడు గుంటూరు గ్రామాల చరిత్ర అని చదువుకునేదానికి కరణాల కలమే మూలం. కలెక్టర్ మారతాడు, జమీందారు దివాలా తీస్తాడు, దండు వచ్చిపోతుంది. కరణం ఇంట్లో కవిలె మాత్రం తండ్రి నుంచి కొడుక్కి పోతుంది. పైన ఏ రాజ్యం లేవాలన్నా ముందు అతను చదివి వినిపించాలి.

కంప్యూటర్‌లో ఫర్మ్‌వేర్ చేసే పని సరిగ్గా ఇదే. విండోస్ అనండి, లైనక్స్ అనండి, అవి కలెక్టర్లు. కరెంటు రాగానే మొదట లేచేది ఫర్మ్‌వేర్. ఇంత మెమరీ ఉంది, ఈ డిస్కు ఉంది, ఇదిగో ఇక్కడ మొదలుపెట్టు అని అది చెబుతుంది. పైది లేచాక దానికి తెలిసిన ప్రపంచం అడుగుది చెప్పిన ప్రపంచమే. అందువల్ల పైన ఎంత గట్టి తాళం వేసినా, అడుగున రాత మార్చగలిగినవాడు ఆ తాళం జోలికే పోకుండా పక్కదారిన వస్తాడు. విండోస్‌కు పదహారక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకుని, ఫర్మ్‌వేర్‌ను తెరిచి ఉంచి, డిస్కులోని దస్తావేజులను రహస్య లిపిలోకి మార్చకుండా వదిలేస్తే, పెన్‌డ్రైవ్‌లో వేరే వ్యవస్థ తెచ్చినవాడు పది నిమిషాల్లో మీ డిస్కంతా చదువుకుని పోతాడు. మీ పదహారక్షరాలు అతన్ని ఎవరూ అడగరు.

కంపెనీవాళ్లు ఈ సంగతి తొందరగానే పసిగట్టారు. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చిన ఏడే, దాంతోపాటు కరణాల కోసం ప్రత్యేకంగా 29వ రెగ్యులేషన్ తెచ్చారు. కరణం ఏ లెక్కలు ఉంచాలి, ఎవరికి జవాబుదారీ అన్నది అందులో రాశారు. భాష మార్చి చెబితే, అడుగు పొర రాతలను ఇష్టం వచ్చినట్టు మార్చకుండా పైనుంచి వేసిన మొదటి పాస్‌వర్డ్ అది. పని చేసిందా? చేయలేదనే చెప్పాలి. అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో అచ్చయిన తన పుస్తకంలో 1788 నుంచి 1848 దాకా గుంటూరు జిల్లా కథను ఇదే కోణంలో చెప్పాడు. కలెక్టర్ కచేరీలోని దేశీయోద్యోగులూ, ఊళ్లలోని కరణాలూ పెదకాపులూ కలిసి అల్లుకున్న వల గుండా చూస్తే తప్ప దొరకు జిల్లా కనిపించేది కాదు. ఎంత పండిందో వాళ్లు చెప్పిందే లెక్క, ఎంత వసూలైందో వాళ్లు చూపిందే జమ. వీసబడి ఊళ్లలో ఊరు మొత్తానికి ఒక మొత్తం కట్టేసి, లోపల వీసాల వంతున ఎవరెంత మోయాలో ఊళ్లోనే తేల్చుకునేవారు కాబట్టి, ఊరి గడప దాటి లోపలికి చూసే అవకాశమే ప్రభుత్వానికి లేదు. నందన సంవత్సరంలో, 1832–33లో, డొక్కల కరువు ఈ జిల్లాలో లక్షకు పైగా ప్రాణాలు తీసింది. ఆ తరవాత కూడా శిస్తు లెక్కలు చక్కబడలేదు, జమీలు ఒక్కొక్కటే ప్రభుత్వం చేతికి వచ్చాయి, చివరికి 1840లలో సర్ వాల్టర్ ఇలియట్‌ను విచారణకు పంపాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక తొందరపాటు తీర్పుకు అడ్డు చెప్పాలి. కరణాలందరూ దొంగలని దీని అర్థం కాదు. కంచే చేను మేసిన సందర్భాలు ఉన్నాయి. అదే కంచె లేకపోతే చేనే మిగలని సందర్భాలూ అంతకంటే ఎక్కువ ఉన్నాయి. అక్షరం రాని రైతు పొలం హద్దు నిలబడిందంటే కవిలెలో ఉన్న ఒక గీత వల్లే. అడుగున ఉండటం నేరం కాదు, అడుగున జరిగిన మార్పు పైకి తెలియకపోవడమే అసలు చిక్కు. అందుకే ప్రభుత్వాలు రెగ్యులేషన్లతో తృప్తిపడలేదు. పొలాలను గొలుసుతో కొలిచి, సర్వే నంబర్లిచ్చి, ఆ కొలతకు ఒక ప్రతి ఊళ్లోనూ మరొకటి పైకచేరీలోనూ పెట్టారు. కరణం అడంగల్‌లో ఏ పైరు రాశాడో చేలోకి దిగి చూసే అజమాయిషీ పెట్టారు. ఏడాదికోసారి జమాబందీలో ఊరి లెక్కను పై లెక్కతో సరిపోల్చారు. ఇందులో ఒక్కటీ తాళం కాదని గమనించండి. చెదిరితే తెలిసేట్టు చేసే ఏర్పాట్లే అన్నీ. ఈ రోజు మనం మామూలుగా వాడే అజమాయిషీ అన్న మాట వెనక అంత అనుభవం ఉంది.

యంత్రంలోని కరణం చరిత్ర దీంతో పోలిస్తే పొట్టిది. గ్యారీ కిల్డాల్ 1975 ప్రాంతంలో తన సీపీ/ఎం వ్యవస్థలో యంత్రానికి తగ్గట్టు మార్చాల్సిన అడుగు భాగాన్ని విడదీసి దానికి బయోస్ అని పేరు పెట్టాడు. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను తెచ్చినప్పుడు ఆ మాటనే చిప్పులో పెట్టింది. ఆ మొదటి యంత్రానికి మార్చుకోదగ్గ జ్ఞాపకం లేదు, బోర్డు మీద చిన్న చిన్న స్విచ్చులుండేవి. 1984లో వచ్చిన ఏటీ మోడల్‌లో రెండు కొత్త సంగతులు చేరాయి. ఒకటి, బ్యాటరీతో బతికే ఒక చిన్న చిప్పు. దాని 64 బైట్లలో 14 గడియారానికి పోగా మిగిలిన 50లో యంత్రం అమరికలు రాసుకునేవారు. రెండోది, పెట్టె ముందు భాగాన నిజమైన తాళం. ఆ గుండ్రటి తాళంచెవి తిప్పితే పెట్టె మూత ఊడదు, కీబోర్డు మీటలు పనిచేయవు. తరవాత ఏటీని చూసి చేసిన చవకరకం పెట్టెలకూ తాళం వచ్చింది గానీ, ఒక పెట్టె చెవితో పక్క పెట్టె కూడా తెరుచుకునేది. తాళం వేషం మిగిలింది, పని పోయింది. తొంభైలలో పెట్టె తాళం క్రమంగా మాయమై, ఆ చోటికి సెటప్ పాస్‌వర్డ్ వచ్చింది.

అదే 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్‌తో కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్యంగా వచ్చిన అడుగు పొరను ఒక్క సంతకంతో తీసేయడమది. కరణాలు కోర్టుకెళ్లారు, 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. పదవి పోవడం వేరు, రికార్డు చేతికి రావడం వేరు. తరతరాలుగా ఒకే ఇంట్లో అటక మీదో పెట్టెలోనో ఉన్న కట్టలను కొత్త ఉద్యోగులకు అప్పగించాలి. ఏ గుర్తుకు ఏ అర్థమో, ఏ కొట్టివేత ఎందుకు జరిగిందో తెలిసిన మనిషి ఇక పదవిలో లేడు. పాస్‌వర్డ్ తెలిసినవాడు వెళ్లిపోతే మిగిలే యంత్రం ఎలా ఉంటుందో ఆ రోజుల్లో ఊరూరా కనిపించింది. ఈ పోలిక దగ్గరకు మళ్లీ వస్తాను.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, అందరూ చెప్పేది: ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ ఒక నిమిషం పని. డెస్క్‌టాప్ పెట్టె మూత తీసి, బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీని కాసేపు పీకినా, జంపర్ అనే చిన్న క్లిప్పును ఒక చోటి నుంచి పక్కకు మార్చినా చాలా బోర్డుల్లో పాస్‌వర్డ్ తుడిచిపెట్టుకుపోతుంది. పాత బయోస్‌లలో అయితే తయారీదారే పెట్టిన తారకమంత్రంలాంటి పాస్‌వర్డ్‌లుండేవి, అవి రిపేరు షాపు కుర్రాళ్లకు కంఠతా వచ్చేవి. ఇంత తేలికైనదానికి ఎందుకు ఆరాటం? ఈ అభ్యంతరం చెప్పేవాడు నిజమే చెబుతున్నాడు, కానీ రాశి మీద ముద్ర చూసి ఇదేం తాళం అని నవ్వినట్టుంది. బ్యాటరీ పీకినవాడు పాస్‌వర్డ్‌ను తీసేయగలడు, మీరు పెట్టిన పాస్‌వర్డ్‌నే తిరిగి పెట్టలేడు, ఎందుకంటే అది అతనికి తెలియదు. మర్నాడు మీరు ఎఫ్2 నొక్కితే తెర ఏమీ అడక్కుండా తెరుచుకుంటుంది. తారీఖు కూడా వెనక్కి పోయి ఉండవచ్చు. ముద్ర చెదిరింది. ఏదో జరిగిందని మీకు తెలుసు. పాస్‌వర్డే లేని యంత్రంలో అమరిక మార్చి, పని చూసుకుని, మళ్లీ యథాప్రకారం పెట్టి వెళితే మీకు తెలిసే దారేది? అయితే ముద్ర పనిచేయాలంటే దాన్ని చూసేవాడు ఉండాలి. ఆరు నెలలకోసారైనా ఆ తెర తెరిచి చూడనివాడికి ఈ వాదన వర్తించదు.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ పాస్‌వర్డ్ బ్యాటరీతో సంబంధం లేని చిప్పులో ఉంటుంది. బ్యాటరీ పీకితే పోదు. అక్కడ అది ముద్రకు మించి నిజమైన తాళానికి దగ్గరగా వస్తుంది. దాంతోపాటు తాళానికున్న ప్రమాదమూ వస్తుంది. మరచిపోతే కొన్న రశీదు పట్టుకుని కంపెనీ సర్వీసు చుట్టూ తిరగాలి, కొన్ని మోడళ్లలో బోర్డే మార్చాలంటారు.

రెండో అభ్యంతరం: మా ఇంటికి ఎవరొస్తారండీ, ఇదేమన్నా బ్యాంకా? ఇందులో ఒక పొరపాటు ఊహ దాగి ఉంది. దొంగ ఎక్కడో బయట ఉంటాడు, అతను వేరే జాతి మనిషి అన్న ఊహ అది. ఆ ఊహ ఈ ప్రాంతంలో ఎంత దూరం పోయిందో చెప్పే చోటు బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం పక్కనే ఉంది. 1911 నేరస్థ జాతుల చట్టం నీడన, 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అక్కడ ఎరుకలవారి కోసం ఒక సెటిల్‌మెంట్ పెట్టింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద దానికి స్టూవర్టుపురం అని పేరు. పుట్టుకను బట్టి మనుషులను దొంగలని రాసేసి, హాజరు పట్టీలు పెట్టి, అనుమతి లేనిదే ఊరు దాటనీయకుండా చేశారు. తలుపుకు వేయాల్సిన తాళం మనుషులకు వేశారు. 1952లో ఆ చట్టం పోయినా మచ్చ పోవడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ఈ నేల మీద ఇళ్లకు జరిగిన నష్టాల లెక్క తీస్తే మాత్రం, లెక్క తప్పు రాసినవాడూ తూకంలో కొట్టినవాడూ నకిలీ విత్తనం అంటగట్టినవాడూ గుమ్మంలోంచి పేరు పెట్టి పిలిపించుకుని లోపలికొచ్చినవాళ్లే. ఇంటి కంప్యూటర్‌కూ అంతే. దాన్ని తాకే చేతులెవరివి? రిపేరుకిచ్చిన షాపువాడివి, హాస్టల్ గదిలో పక్క మంచం కుర్రాడివి, సెలవులకొచ్చి కొత్త ఆట ఎక్కించుకునే మేనల్లుడివి, పాత యంత్రం కొనుక్కుపోయేవాడివి. వీళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది మంచివాళ్లు. ముద్ర అవమానం కాదు. రాశి మీద ముద్ర పడితే రైతును దొంగ అన్నట్టు కాదు, రేపు మాట పడకుండా అతన్ని కూడా అది కాపాడుతుంది. షాపుకిచ్చేముందు ఆ పాస్‌వర్డ్ ఉంటే షాపువాడి మీద అనుమానానికీ తావుండదు.

మూడోది కాస్త బరువైనది. ఇప్పటి దాడులు తెర దగ్గరికొచ్చి మీటలు నొక్కవు, లోపలి నుంచే అడుగు పొరలోకి దిగుతాయి కదా అంటారు. నిజం. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హావ్ రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న విండోస్ 95, 98 యంత్రాల్లో నిద్రలేచి, కొన్ని బోర్డుల బయోస్‌నే చెరిపేసింది. వాటిలో ఏ సెటప్ పాస్‌వర్డూ దాన్ని అడగలేదు. 2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన లోజాక్స్ కూడా నడుస్తున్న విండోస్‌లోంచే ఫర్మ్‌వేర్ చిప్పులోకి రాసుకుంది. దీనికి విరుగుడుగా వచ్చినవి వేరే ఉన్నాయి. 2012లో విండోస్ 8తో ఇళ్లలోకి వచ్చిన సెక్యూర్ బూట్ వాటిలో ముఖ్యమైనది. లేవబోయే వ్యవస్థ మీద గుర్తింపు పొందిన సంతకం ఉందో లేదో చూసి, లేకపోతే అది లేవనివ్వదు. పత్తి రైతుకు ఇది కొత్త కాదు. ధ్రువీకరించిన విత్తనం సంచికి నీలం ట్యాగు, ఫౌండేషన్ విత్తనానికి తెల్ల ట్యాగు ఉండాలని అతనికి తెలుసు. ట్యాగు చూడకుండా విత్తనం కొంటే ఏమవుతుందో ఈ రెండు జిల్లాల రైతుకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయితే సెక్యూర్ బూట్ ఉంది కాబట్టి పాస్‌వర్డ్ దండగ అనేవారు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. సెక్యూర్ బూట్‌ను ఆపేసే మీట ఎక్కడుంది? ఆ ఫర్మ్‌వేర్ తెరలోనే. ట్యాగు చూసే మనిషిని ఎవరైనా వచ్చి ఇంటికి పంపేయగలిగితే ట్యాగు ఉండి ప్రయోజనం ఏమిటి? పాస్‌వర్డ్ కాపాడేది డిస్కును కాదు, ఆ మీటను. పెన్‌డ్రైవ్ నుంచి లేవాలా వద్దా అన్న వరసనూ కాపాడుతుంది. ఎఫ్12 నొక్కితే వచ్చే బూట్ పట్టీని కొన్ని యంత్రాల్లో విడిగా మూయాల్సి ఉంటుంది, అది చూసుకోవాలి.

ఇక డిస్కును కాపాడేది ఎన్‌క్రిప్షన్. రాతను రాతగా చదవనీయకుండా చేయడం అది. డిస్కు ఊడదీసి వేరే యంత్రానికి తగిలించేవాడి ముందు ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ సున్నా. ఎన్‌క్రిప్షన్ ఉంటే అతనికి దొరికేది చెత్త. ఇందులో ఒక అందం ఉంది. విండోస్ ఎన్‌క్రిప్షన్ బోర్డులోని టీపీఎం అనే చిప్పును నమ్ముకుని నడుస్తుంది. అడుగున సెక్యూర్ బూట్ ఆగిపోయినా, ముఖ్యమైన అమరికలు మారినా ఆ చిప్పు తాళం విప్పడం మానేసి, 48 అంకెల రికవరీ కీ చెప్పమంటుంది. జమాబందీ రోజున ఊరి లెక్క పై లెక్కతో కుదరకపోతే పై అధికారి సంతకం పెట్టేవాడు కాదు కదా, అలాగే. కాబట్టి ఒక్కటే పెట్టుకునే ఓపిక ఉంటే ఎన్‌క్రిప్షన్ పెట్టండి, పాస్‌వర్డ్ దాని తరవాతే. పాస్‌వర్డ్ పెట్టేసి, చేయాల్సింది చేసేశామనుకుని ఎన్‌క్రిప్షన్ వదిలేయడం కంటే ఏదీ పెట్టకపోవడం మేలని కూడా అంటాను. లేని ధైర్యం కంటే దొంగ ధైర్యం చేటు.

చివరి అభ్యంతరం మరుపు. నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది ఇదే. ఏడాదికి ఒకసారి కూడా వాడని పాస్‌వర్డ్ గుర్తుండదు. ఇంటి కంప్యూటర్లకు దొంగల వల్ల జరిగే నష్టం కంటే యజమాని మరుపు వల్ల జరిగే నష్టమే ఎక్కువ అనే అనుమానం ఎవరికైనా కలుగుతుంది. దీనికే కరణం ఇంటి అటక గుర్తుచేసుకోవాలి. 1984లో చిక్కు పడింది రహస్యం వల్ల కాదు, రహస్యం ఒకే తలలో ఉండటం వల్ల. ఆ అనుభవం ఉన్న ఊళ్లలో ఇళ్లు ఒక పాఠం నేర్చుకున్నాయి. 1971 చట్టం కింద వచ్చిన పట్టాదారు పాసు పుస్తకం ఏ ఇంట్లో ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉంటుంది. పొలం వివరాలు మీభూమి వెబ్‌సైట్‌లో కనిపిస్తున్నా, ఆ పుస్తకాన్ని మాత్రం ఎవరూ పారేసుకోరు. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని కంప్యూటర్ పాఠాల్లో చెబుతారు. ఆఫీసులో బల్ల మీద అంటించే చీటీకి ఆ మాట నిజం. ఇంట్లో ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్‌కు అది వర్తించదు, ఎందుకంటే కంప్యూటర్ ముందు కూర్చున్న రిపేరువాడు మీ బీరువాలోని పాసు పుస్తకం తెరవడు. బీరువా దాకా వచ్చిన దొంగకు కంప్యూటర్ అమరికలతో పనిలేదు.

అందుకని నా తీర్పు ఇది. ఇంట్లోనే ఉండే డెస్క్‌టాప్‌కూ బయటికి పోయే ల్యాప్‌టాప్‌కూ సెటప్ పాస్‌వర్డ్ పెట్టండి, ఆన్ చేసినప్పుడల్లా అడిగే పాస్‌వర్డ్ మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు వాడే యంత్రానికి వద్దు. అంతకుముందే డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉందో లేదో చూసుకోండి. ఆ 48 అంకెలూ ఈ పాస్‌వర్డూ ఒకే కాగితం మీద, తారీఖు వేసి, చేతిరాతతో రాసి, పొలం పాసు పుస్తకం మధ్యలో పెట్టి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి. యంత్రం అమ్మేరోజున పాస్‌వర్డ్ తీసేసి ఇవ్వడం మరవకండి. కొన్నవాడికి తాళం వేసిన ల్యాప్‌టాప్ ఇచ్చి చెవి మన దగ్గరే ఉంచుకోవడం అన్యాయం.